చచ్చినవాళ్ళు మాట్లాడకూడదు

మా ఆయనకి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది. దాన్ని వాడేది బ్యాంకు వాళ్ళూ కరెంటు బిల్లు వాళ్ళే. మిగతా లోకానికి ఆయన 'కళ్ళుమూసుకోండి గారు'. దారిలో ఎదురైనవాళ్ళు "ఏం కళ్ళుమూసుకోండి గారూ, కులాసాయేనా" అంటారు. పక్కనున్న నన్ను చూసి "వీరు కళ్ళుమూసుకోండి గారి మిసెస్" అని పరిచయం చేస్తారు. నా తలరాత, ఇన్నేళ్ళూ అలాగే చలామణీ అవుతున్నాను.

ఉద్యోగం చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. నీళ్ళ మోటార్లు తయారుచేసే కంపెనీలో స్టోర్స్ ఇన్‌చార్జి. ఏ బోల్టు ఏ అరలో ఉందో కరెంటు పోయినా చెయ్యి పెట్టి తీసిస్తారు. ఇంట్లో మాత్రం కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని నన్ను వెతకమంటారు. సరే, ఆయనకి పేరు తెచ్చింది బోల్టులు కావు, ఆట.

ఆట తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. టోపీలోంచి తలా ఒక చీటీ తీస్తారు. ముగ్గురికి 'దొంగ' అని వస్తుంది, మిగిలినవాళ్ళు ఊరిజనం. ఆడించేవాడు "కళ్ళు మూసుకోండి" అనగానే ఊరు నిద్రపోయినట్టు. అప్పుడు దొంగలు మాత్రం కళ్ళు తెరిచి, చప్పుడు చెయ్యకుండా ఒకరివైపు వేలు చూపిస్తారు. తెల్లారేసరికి ఆ మనిషి చచ్చిపోయినట్టు. బతికున్నవాళ్ళు దొంగలెవరో వాదించుకుని, చేతులెత్తి ఒకరిని ఊళ్ళోంచి వెళ్ళగొడతారు. గడువులోగా దొంగలు దొరక్కపోతే గెలుపు దొంగలదే. చూడబోతే చిన్నపిల్లలాట. పెద్దవాళ్ళు ఆడితే మాత్రం ఇళ్ళకెళ్ళాక కూడా మాటలుండవు.

ఒకసారి ఆఫీసువాళ్ళంతా కుటుంబాలతో విహారానికి వెళ్తుంటే బస్సు చెడిపోయింది. బయట వాన. లోపల పిల్లల ఏడుపులు, పెద్దల సణుగుళ్ళు. బస్సు ఎవరు మాట్లాడారన్న దగ్గర మొదలై కొట్టుకునేదాకా వచ్చారు. ఎప్పుడూ నోరు విప్పని మా ఆయన లేచి, డ్రైవరు టోపీ అడిగి తీసుకుని, "అందరూ ఒకసారి కళ్ళు మూసుకోండి" అన్నారు. మెకానిక్కు వచ్చి బస్సు బాగుచేశాక కూడా ఎవరూ బయల్దేరనివ్వలేదు. ఆ రోజు అంటుకున్న పిచ్చి. తర్వాత పుట్టినరోజులకి, పదవీ విరమణలకి, పెళ్ళివాళ్ళ విడిదిళ్ళకి పిలుపులే పిలుపులు. భోజనం పెట్టి పంపిస్తారు. నేను వండింది ఇంట్లో చల్లారిపోతుంది.

నవ్వుతున్నాను గానీ, ఆయన ఆడించే తీరు చూసి తీరాలి. పాతికమందికి మించితే ఊరిని రెండుగా చీల్చి రెండోదానికి ఇంకొకరిని అప్పగిస్తారు. రూల్సు చదివి వినిపించరు, ఉత్తుత్తి ఆట ఒకటి ఆడించేస్తారు. రూల్సు చెప్తూ కూర్చుంటే వెనకవాళ్ళు టీలకి లేచిపోతారట. మొగుడూ పెళ్ళాలని పక్కపక్కన కూర్చోబెట్టరు. కళ్ళు మూసుకున్నంతసేపూ అందరూ మోకాళ్ళమీద దరువు వెయ్యాలి, అప్పుడు ఎవరి కుర్చీ కిర్రుమన్నా వినబడదు. తను వలయం చుట్టూ ఒకే నడకతో తిరుగుతారు. ఏ కుర్చీ దగ్గరా ఆగరు, గొంతు ఎక్కడా మారదు.

పదిమంది ఒక్కసారే అరవకుండా ఉండటానికీ ఒక ఉపాయం ఉంది. గోడౌన్ది పాత తాళంకప్ప, సన్నికల్లంత బరువు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. ఎంత వాగుడుకాయకైనా కాసేపటికి చెయ్యి పీకుతుంది, పక్కవాడికి ఇచ్చేస్తాడు.

అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు చచ్చినవాళ్ళది. చచ్చినవాళ్ళు పక్కన వేసిన కుర్చీల్లో కూర్చోవాలి. ఆ వరస పేరు 'పైలోకం'. అక్కడ కళ్ళు తెరిచి అన్నీ చూడొచ్చు గానీ పెదవి కదపకూడదు. వాళ్ళకీ ఏదో ఒక పని అప్పజెప్తారు. ఒకరు చేతులు లెక్కపెట్టాలి, ఒకరు టైమైతే గంట కొట్టాలి. ఎందుకండీ ఈ చాదస్తం అంటే, "ఆట చెడగొట్టేది బతికున్నవాళ్ళు కాదు, చచ్చినవాళ్ళే. ముందే పోయామన్న ఉక్రోషంతో గుసగుసలు మొదలుపెడతారు" అన్నారు. మా ఆయన నాతో అన్న పొడుగాటి మాటల్లో అదొకటి.

ఇక ఆయన మొహం. ఆడించేవాడి మొహంలో ఏమీ కనబడకూడదట. కనుబొమ్మ కదిలినా దొంగ దొరికిపోతాడట. సాధన చేసి చేసి మొహాన్ని కడిగిన పలకలా చేసుకున్నారు. ఆట అయ్యాక ఆ మొహాన్ని అక్కడే వదిలి రావచ్చు కదా, ఇంటికి తెచ్చుకుంటారు. కూర బాగుందా లేదా, నా మీద కోపమా ప్రేమా, ఏమీ తెలియదు. నేనేమో నోట్లో నువ్వుగింజ నాననిదాన్ని. గోడతో కాపురం చేస్తున్నానని మా అక్కతో ఎన్నిసార్లు చెప్పుకుని ఏడ్చానో.

ఇలా ఉండగా ట్రాన్స్‌ఫర్ వచ్చిపడింది. కంపెనీవాళ్ళు దేశం ఆ చివర కొత్తగా బ్రాంచి తెరిచారు. అక్కడి స్టోర్స్‌కి మా ఆయన్ని పంపాలని పైన అనుకున్నారు. కాగితం తయారైంది, సంతకం ఒక్కటే బాకీ.

నాకు వీధి మలుపులో కుట్టు దుకాణం ఉంది. ఒక మిషన్‌తో మొదలుపెట్టి బడిపిల్లల యూనిఫారాలు, ఆసుపత్రి నర్సుల కోట్లు కుట్టే దాకా తెచ్చాను. ఆ వీధిలో నేను కొలత తీసుకోని మనిషి లేడు. దాన్ని మూటగట్టి తీసుకెళ్ళడానికి అదేమన్నా పెట్టెలో సామానా? ఆయనతో వెళ్తే దుకాణం పోతుంది, ఉండిపోతే కాపురం రెండూళ్ళవుతుంది. ఏం చేద్దామండీ అని అడిగితే ఆ పలక మొహంతోనే "చూద్దాం" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడే కంపెనీ వార్షికోత్సవం దగ్గరపడింది. సిబ్బంది సంగతులు చూసే ఆఫీసరు ఒకాయన ఉన్నాడు. పెద్దసారు ఏమన్నా "చిత్తం" అంటాడు కాబట్టి అందరూ ఆయన్ని చిత్తం గారు అంటారు. పెద్దసారంటే కంపెనీ డైరెక్టరు. మహా మాటకారి. ఆయన మాటలు కోటలు దాటుతాయి, వినేవాళ్ళు మాత్రం కుర్చీ దాటడానికి వీల్లేదు. స్వాగతం చెప్పమంటే మధ్యాహ్నమవుతుంది, వందన సమర్పణ అంటే దీపాలు పెట్టే వేళవుతుంది. ఈసారి ఆయన కూడా ఆటలో కూర్చుంటారట. ఆ కబురు చిత్తం గారే మా ఇంటికి మోసుకొచ్చాడు.

"పెద్దసారు మొదట్లోనే పోకుండా చూడండి గురువుగారూ. ఆయన దొంగల్ని పట్టుకుని గెలిచారనుకోండి, ఆ సంతోషంలో మీ కాగితం నేను పక్కన పెట్టించేస్తాను. అంతా మీ చేతిలోనే ఉంది కదా" అని, నేనిచ్చిన టీ తాగి వెళ్ళాడు.

ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది? అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు ఏం జరిగిందో ఆడించేవాడికి తప్ప ఎవరికి తెలుసు? ఒక్క అబద్ధం, అది కూడా ఆటలో అబద్ధం. నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. మా ఆయన టీ గ్లాసులు తీసి లోపల పెట్టారు, అంతే.

ఆ రోజు హాలు కిటకిటలాడింది. కుర్రకారుని, పిల్లల్ని బయట వరండాలో రెండో ఊరుగా కూర్చోబెట్టి, రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయికి అప్పజెప్పారు. లోపల పెద్దవాళ్ళ ఊరు. అందులో పెద్దసారు, ఎదురుగా వాళ్ళావిడ అమ్మగారు, చిత్తం గారు, అక్కౌంటెంటు, డ్రైవరు, క్వాలిటీ చూసే ఆయన, క్యాంటీనాయన, ఇంకా భార్యలూ భర్తలూ. ఉత్తుత్తి ఆటలో తాళంకప్ప పెద్దసారు చేతికొచ్చింది. అందరికీ పీకే చెయ్యి ఆయనకి పీకలేదు. కంపెనీ పుట్టినప్పటినుంచీ చెప్పుకొచ్చారు. చివరికి మా ఆయనే దాన్ని మెల్లిగా చేతిలోంచి తీసుకోవాల్సి వచ్చింది.

తర్వాత అసలు ఆట. టోపీ అందరి దగ్గరికీ ఒకేలా వెళ్ళింది. నా చీటీ విప్పి చూసుకుంటే 'దొంగ'.

"ఊరు నిద్రపోయింది. కళ్ళు మూసుకోండి" అన్నారు మా ఆయన. మోకాళ్ళమీద దరువు మొదలైంది. "దొంగలు కళ్ళు తెరవండి" అన్నారు. తెరిచాను. చిత్తం గారు తెరిచాడు. అటు చూస్తే, అమ్మగారు.

నేను చటుక్కున క్యాంటీనాయన వైపు వేలు పెట్టాను. పెద్దసారు తప్ప ఎవరైనా ఫరవాలేదు నాకు. అమ్మగారు ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. సరాసరి తన మొగుడి వైపు వేలు చాపింది. చిత్తం గారి పని అడకత్తెరలో పోకచెక్క అయింది. కళ్ళు మూసుకుని దరువేస్తున్న పెద్దసారుని చూశాడు, అమ్మగారిని చూశాడు. ఆవిడ తననే చూస్తోంది. పాపం, అలవాటైన ప్రాణం. వేలు లేచి అమ్మగారి వేలు ఎటుందో అటే తిరిగింది. 'పెద్దసారు పోకుండా చూడండి' అన్న మనిషి స్వయంగా పెద్దసారుని లేపేశాడు.

రెండు వేళ్ళు అటు, నాది ఇటు. నేను మా ఆయన్ని చూసి తల అడ్డంగా ఊపాను, కళ్ళతో బతిమాలాను. వేరే పేరు చెప్పండి, ఎవరికీ తెలియదు, దుకాణం నిలబడుతుంది అని నా మొహం నిండా రాసుంది. ఆయన మూడు వేళ్ళనీ చూశారు. నడక ఆగలేదు. "దొంగలు కళ్ళు మూసుకోండి. తెల్లవారింది. అందరూ కళ్ళు తెరవండి" అని, "పెద్దసారు చచ్చిపోయారు" అన్నారు.

పెద్దసారు నవ్వబోయి, తన సంతాప సభలో మొదటి ఉపన్యాసం తనే ఇవ్వబోయినట్టు లేచి "అసలేం జరిగిందంటే" అని మొదలుపెట్టారు.

"చచ్చినవాళ్ళు మాట్లాడకూడదు సార్" అన్నారు మా ఆయన, చేతికి గంట ఇచ్చి పైలోకం కుర్చీ చూపిస్తూ.

ఇక వాదన. పెద్దసారుని చంపాల్సిన అవసరం ఎవరికుందని మొదలైంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఒక్కొక్కరే తాళంకప్ప పట్టుకుని తమకే పగా లేదని నిరూపించుకోబోయారు. డ్రైవరు తనకేం కోపం లేదన్నాడు. సారు ఫోను మాట్లాడుతూ కారు దిగకపోవడంవల్ల తన కూతురి బడి నాటకం చూడలేకపోయినా మనసులో ఏమీ పెట్టుకోలేదన్నాడు. క్వాలిటీ ఆయన ఒకే ఒక్క వాషరు గురించి పొద్దస్తమానం మీటింగు విన్నానని, అయినా హత్య చెయ్యాలన్న ఆలోచన 'సాధారణంగా' రాలేదని చెప్పాడు. క్యాంటీనాయన, ఉపన్యాసం అయ్యేసరికి అన్నం గడ్డకట్టి జనం తననే తిడతారని, అయినా ఓర్చుకుంటున్నానని అన్నాడు. భయంగా మొదలైంది కాస్తా హుషారెక్కింది. నీకంటే నాకే ఎక్కువ కారణముందని పోటీపడ్డారు. చిత్తం గారు లేచి "పెద్దసారంటే నాకు ప్రాణం" అంటే హాలు గొల్లుమంది.

పెద్దసారు గంట పట్టుకుని అన్నీ వింటున్నారు. మొదట్లో టైముకే కొట్టారు. తర్వాత ఎవరు నోరు తెరిచినా కొట్టారు. ఎవరూ లెక్కచెయ్యట్లేదని తెలిశాక గంట కింద పడేసి, "చాల్చాలు, భోజనాలు" అని వెళ్ళిపోయారు. ఆట సగంలో ఆగిపోయింది. చీటీలు మడతల్లోనే ఉండిపోయాయి. మా ఆయన వాటిని ఎవరివి వాళ్ళనే దగ్గర ఉంచుకోమన్నారు.

మర్నాడు పెద్దసారు ఆయన్ని గదిలోకి పిలిపించారు. ఏం జరిగిందో నాలుగు తిట్లు తిట్టి రాబట్టాను. టేబుల్ మీద ట్రాన్స్‌ఫర్ కాగితం, పక్కన మూత తీసిన పెన్ను.

"నన్ను చంపిందెవరయ్యా? పేర్లు చెప్పు, ఈ కాగితం చింపేస్తాను" అన్నారట.

మా మహానుభావుడు చెప్పిన జవాబు వినండి. "ఆట ముగియకుండా పేర్లు చెప్పకూడదు సార్. ఆపింది మీరు. మిగతా సగం ఆడిద్దాం, చివర్లో చీటీలు అందరిముందూ విప్పుతాం. అప్పటిదాకా మీరు చచ్చిపోయే ఉండాలి" అన్నారట. పెద్దసారు వారం గడువిచ్చారు. ఆలోగా పేర్లయినా చెప్పాలి, పెట్టె అయినా సర్దుకోవాలి.

నేను నోటికొచ్చినట్టు అరిచాను. కొరివితో తల గోక్కునేవాళ్ళుంటారని విన్నాను గానీ అలాంటివాడు నాకే దొరుకుతాడనుకోలేదన్నాను. మీరు చెప్పకపోతే నేనే వెళ్ళి చెప్తాను, మూడో దొంగని నేనే కదా అన్నాను. ఆయన చేతిలో తువ్వాలు మడతపెట్టి, "నువ్వు చెప్తే నేనింకెప్పుడూ ఆడించను" అన్నారు. బెదిరింపో బాధో ఆ మొహం చూస్తే తెలిస్తేగా. దుకాణం పోతుందని ఆయనకి ఒక్క పిసరైనా బాధ ఉందా లేదా, అది తెలిస్తే చాలు నాకు. మిషన్ మీద తలపెట్టి ఏడ్చాను.

పొద్దున్నే పెద్దసారు దగ్గరికి వెళ్దామని దుకాణానికి తాళం వేస్తుంటే అమ్మగారు వచ్చింది. చేతిలో భోజనం సంచి, పిడి ఊడిపోయింది, కుట్టిపెట్టమంది. ఆవిడ పోస్టాఫీసులో పనిచేస్తుందని నాకు తెలుసు. ఆఫీసు లేదా అమ్మా అంటే సెలవంది. సంచిలో అన్నం డబ్బాతోపాటు లావుపాటి పుస్తకం ఒకటుంది. దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. నేను పిడి కుట్టడం మొదలుపెట్టాను.

ఉండబట్టలేక అడిగేశాను, అంత పగేమిటమ్మా ఆయనమీద అని.

"పగా? ఛ. చచ్చినవాళ్ళు మాట్లాడకూడదని మీ ఆయన చెప్పారు కదా. అందుకే" అంది.

నాకు నవ్వాగలేదు. ఆవిడకీ ఆగలేదు. ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం. నాకు సరిగ్గా దీనికి తిరగేసిన బాధ అని చెప్పాను. మీ ఆయన్ని ఓ నెల బదులుకి ఇస్తావా అంది. తర్వాత నవ్వు పోయింది ఆవిడ మొహంలో. "చంపింది నేనేనని ఇంట్లో చెప్పేద్దును. కానీ నేను 'అ' అనేలోపు ఆయన వర్ణమాలంతా చెప్పేస్తారు. ఆట పూర్తవనివ్వమ్మా. ఆయన ఇంకొక్కసారి చచ్చిపోతే చాలు, చెప్పాల్సింది ఉంది" అంది.

మీ కాగితం సంగతి నేను చూస్తానని ఆవిడ అనలేదు. నేను అడగలేదు. ఎందుకు అడగలేదో ఇప్పటికీ నాకు తెలియదు. పిడి కుట్టి ఇచ్చి, వేసిన తాళం తీసి దుకాణంలోనే కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి నా నోట్లో నువ్వుగింజ నానింది.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, పెద్దసారు ఏం పడతారు? బుర్ర బద్దలుకొట్టుకుని, ఉండలేక, గడువు చివరి రోజున మళ్ళీ అందరినీ హాల్లో కూర్చోబెట్టించారు. అవే కుర్చీలు, అవే మనుషులు. వాదన దగ్గర ఆగింది కాబట్టి చివరిదాకా వాదనే, మళ్ళీ కళ్ళు మూసుకోవడం లేదని మా ఆయన ముందే చెప్పారు. మా ఆయన ఈసారి గంట ఇవ్వలేదు. పైలోకంలో పెద్దసారు ఒట్టి చేతులతో కూర్చున్నారు.

ఈసారి వాదన వినాల్సింది. అంత మంచి మనిషిని ఎవరు చంపుతారని డ్రైవరు. ఆ వాషరు మీటింగు తన కళ్ళు తెరిపించిందని క్వాలిటీ ఆయన. చల్లారిన అన్నమే ఆరోగ్యానికి మంచిదని క్యాంటీనాయన. చిత్తం గారు తాళంకప్ప గుండెకి హత్తుకుని నిజంగానే ఏడ్చాడు. తనకి పెద్దసారు తండ్రిలాంటివారన్నాడు. పెద్దసారు వయసులో చిత్తం గారికంటే చిన్న. పొగడ్తల్లో దొంగల సంగతి ఎవరికీ గుర్తులేదు. ఎవరో ఒకరిని వెళ్ళగొట్టాలి కాబట్టి డ్రైవరుని ఒకసారి, అక్కౌంటెంటుని ఒకసారి వెళ్ళగొట్టారు. అమ్మగారి వైపు వేలు చూపించే మొనగాడు లేడు. చిత్తం గారి ఏడుపు అందరూ నమ్మారు. నేనంటే ఆడించేవాడి పెళ్ళాన్ని, మొగుడు నాకు దొంగ చీటీ రాకుండా చూసి ఉంటాడని వదిలేశారు. ఆట గడువు ముగిసింది.

"దొంగలు గెలిచారు. చీటీలు విప్పండి" అన్నారు మా ఆయన.

నేను విప్పాను. చిత్తం గారు తేలు కుట్టిన దొంగలా కాసేపు బిగబట్టి, విప్పక తప్పక విప్పాడు. ఆ తర్వాత అమ్మగారు సంచిలోంచి చీటీ తీసి, విప్పి, అందరికీ కనబడేట్టు ఒళ్ళో పెట్టుకుంది.

పెద్దసారు నోరు తెరుచుకుంది. మా ఆయన చెయ్యెత్తారు. "ఆట ఇంకా అయిపోలేదు సార్" అన్నారు. తాళంకప్ప తీసుకెళ్ళి అమ్మగారి చేతుల్లో పెట్టారు. చీటీలు విప్పాక ఎవరైనా మాట్లాడే రూలు ఆ ఆటలో లేదు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను కదా, నాకు తెలుసు.

ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని మొగుడిని చూసింది. "నేను ఉద్యోగం మానేసి ఎనిమిది నెలలైంది. మానేసిన రోజు మీకు చెప్దామని కూర్చున్నాను. మీరు మీ ఆఫీసు సంగతులు చెప్పారు. మర్నాడూ కూర్చున్నాను. ఇప్పుడు రోజూ డబ్బా కట్టుకుని, మీతోపాటే బయల్దేరి లైబ్రరీకి వెళ్తున్నాను. అక్కడ ఎవరూ మాట్లాడరు. సాయంత్రం మీరొచ్చే వేళకి వస్తున్నాను. ఎనిమిది నెలల్లో ఒక్కసారి, ఎలా గడిచింది అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగి ఉంటే మీకు తెలిసేది" అంది.

ఒక్క మాట అంటే ఆట ముగుస్తుంది, మా ఆయన అనలేదు. ఆటని ఒక్క నిమిషం సాగదియ్యని మనిషి అలాగే నిలబడ్డారు. పెద్దసారు తెరిచిన నోరు మెల్లిగా మూసుకుంది. అప్పుడు మా ఆయన నావైపు చూశారు. పలక మీద ఏదో కనబడింది.

"ఆట అయిపోయింది" అన్నారు ఆయన.

ఇక పెద్దసారు మాట్లాడొచ్చు. ఉపన్యాసం వస్తుందని అందరం కుర్చీలు సర్దుకున్నాం. ఆయన లేచి, పైలోకంలోంచి నడిచివచ్చి, వాళ్ళావిడ ఎదురుగా నిలబడ్డారు. "ఏ లైబ్రరీ?" అన్నారు. అడిగి, ఆగారు.

మా కాగితం సంగతి చెప్పాలి కదా. దాన్ని పెద్దసారు చింపలేదు, సంతకమూ పెట్టలేదు. తర్వాతి సోమవారం నుంచి ఆయన మీటింగుల్లో మాట్లాడ్డం తగ్గించి ఒక్కొక్కరి మొహం చూడ్డం మొదలుపెట్టారట. చిత్తం గారి మొహం ఇంకాస్త ఎక్కువసేపు చూసేవారట. ఆ మౌనం తట్టుకోలేక చిత్తం గారు తనంతట తానే అడిగి దేశం ఆ చివరి బ్రాంచికి వెళ్ళిపోయాడు. స్టోర్స్ కూడా తనే చూసుకుంటానన్నాడు. అక్కడికి వేరే మనిషి అవసరం లేకపోయింది. కబురు తెలిసిన రోజు నేను దుకాణంలో మిషన్‌కి నూనె వేసి, ఊరికే కాసేపు తొక్కాను.

ఆ సాయంత్రం మా ఆయన సంచిలోంచి తాళంకప్ప తీసి అలమరలో పెట్టబోతుంటే లాక్కున్నాను. కుర్చీలో కూర్చోబెట్టి ఆయన చేతిలో పెట్టాను. ఏమిటిది అన్నట్టు చూశారు.

"నేను చచ్చిపోయాను. ఇక కానివ్వండి" అని, ఎదురుగా పీట వేసుకుని పెదవులు బిగించుకున్నాను.

నాకు నాలుక దురద పెట్టేస్తోంది. చచ్చినదాన్ని కదా, ఊరుకున్నాను. చివరికి ఆయన తాళంకప్ప వైపే చూస్తూ, "దుకాణం పోతుందని నాకు చాలా భయమేసింది. రోజూ నువ్వు నిద్రపోయాక చూస్తూ కూర్చునేవాణ్ణి" అన్నారు.

అక్కడితో ఆగుతారనుకున్నాను. ఆ బరువు పట్టుకుని ఎవరు మాత్రం ఎంతసేపు మాట్లాడగలరు? ఆయన దాన్ని రెండో చేతిలోకి మార్చుకున్నారు.